మా పల్లెకు పుస్తకాలొచ్చిన దారి

మా మాదిగపల్లెలోకి మొట్టమొదట వచ్చిన పుస్తకం బైబిలు. పొగడటానికో తిట్టటానికో ఈ మాట రాయటం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. రెండోది ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. మూడోది మా నాయన చదివిన నాలుగో తరగతి తెలుగు వాచకం. అట్ట లేదు, చివరి పాఠాలు లేవు, అయినా చూరులో దాచి పెట్టుకున్నాడు. నాలుగో పుస్తకం మా ఇంట్లో అడుగుపెట్టటానికి నేను పుట్టి పదేళ్ళు పట్టింది. నేను పుట్టింది 1989లో. 1914లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అంటే అప్పటికి సరిగ్గా డెబ్బై అయిదేళ్ళు. ఊరూరా గ్రంథాలయం, ఇంటింటికీ పుస్తకం అంటూ పెద్దలు తిరిగిన డెబ్బై అయిదేళ్ళలో ఆ పుస్తకాలు ఎటు పోయాయి? మా దాకా వచ్చినవి ఏ దారిన వచ్చాయి? నేను సోషల్ మేష్టర్ని. పిల్లలకి పానిపట్టు యుద్ధాలు చెబుతాను. ఈ చరిత్ర మాత్రం ఏ పాఠంలోనూ లేదు గనక ఇక్కడ రాస్తున్నాను.

మావాళ్ళకి చదువు మీద ధ్యాస లేదని ఊళ్ళోవాళ్ళు అనటం చిన్నప్పటి నుంచీ వింటున్నాను. మా అమ్మ చదువు రెండో తరగతి. పొగాకు సీజనంతా గ్రేడింగు పనికి పోయేది. వచ్చేటప్పుడు కొట్లో కందిపప్పు, చింతపండు, జీలకర్ర పొట్లాలు కట్టించుకొచ్చేది. పప్పు డబ్బాలో పోసి, కాగితాన్ని అరచేత్తో సాపు చేసి, నా ముందు పెట్టి "చదువు నాయనా, ఏం రాసుందో" అనేది. ఎవరో మంత్రి ఏదో ఊళ్ళో దేన్నో ప్రారంభించాడని ఉండేది. ఎందుకు ప్రారంభించాడో ఉన్న ముక్క ఇంకెవరింటి పొట్లంలోనో పోయుండేది. వారపత్రిక సీరియల్లో పెళ్ళిపీటల మీద కూర్చున్న అమ్మాయి ఒక్కసారిగా లేచి నిలబడేది, అక్కడితో కాగితం అయిపోయేది. మిగతా కథ అమ్మ అల్లేది. చాలాసార్లు రాసినాయన కంటే మా అమ్మ అల్లిందే బాగుండేదని ఇప్పటికీ నా నమ్మకం.

పల్లె బళ్ళో ఒక ఇనపపెట్టె ఉండేది. దాని మీద తెల్లరంగుతో 'ఓ.బి.' అని రాసుండేది. ఓ.బి. అంటే ఆపరేషన్ బ్లాక్‌బోర్డు. 1987లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన పథకం అది. ప్రాథమిక పాఠశాలలకి గదులు, ఇద్దరు టీచర్లు, పటాలు, ఆటవస్తువులు, కథల పుస్తకాలు ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. ఆ పెట్టె తెరవటం నేను అయిదేళ్ళలో రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఇనస్పెక్షనే. పుస్తకం పోతే జీతంలో రికవరీ పెడతారని మేష్టారి భయం. ఇవ్వాళ నేనూ అదే ఉద్యోగంలో ఉన్నాను, ఆ భయం ఎట్లాంటిదో నాకూ తెలుసు. కానీ పల్లె పిల్లలు పుస్తకాలు ఎత్తుకుపోతారన్న మాట ఒకటి ఆ భయం వెనక దాక్కొనుంది. అది స్టాకు రిజిస్టర్లో రాసుండదు.

ఆరో తరగతికి సాంఘిక సంక్షేమ హాస్టలు. ఆ హాస్టలున్న టౌన్లో ఒక అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. అరవైలు, డెబ్బైలలో తెలుగుదేశంలో వీధికొకటిగా నడిచిన కొట్లు అవి. నేను వెళ్ళేనాటికి టీవీ సీరియళ్ళ దెబ్బకి ఆ టౌను మొత్తం మీద అదొక్కటే మిగిలింది. రోజుకు రూపాయి అద్దె. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో, పాత చందమామలు, యద్దనపూడి, యండమూరి. కొట్టాయన నా కులం అడగలేదు, డిపాజిట్టు ఇరవై రూపాయలు అడిగాడు. ముగ్గురం హాస్టలు పిల్లలం కలిసి కట్టాం. రూపాయి పెట్టి తెచ్చిన పుస్తకం ఒక్క రాత్రిలో ముగ్గురూ అవజేయాలి. నాకు వేగంగా చదవటం వచ్చింది ఆ రాత్రుల్లోనే, వాచకంతో కాదు. ఒక్కో నవలకి ఆఖరి పేజీలు ఉండేవి కావు. హంతకుడెవరో మేమే తేల్చుకోవాలి. దానికి వాదన, సాక్ష్యం, మళ్ళీ మొదటికి పోయి చూడటం. తర్వాత ఎమ్మే చరిత్రలో ఆధారాల పరిశీలన అని ఒక పేపరు చదివాను. నాకది కొత్తగా అనిపించలేదు.

ఆ నవలల్లో మావాళ్ళెవరూ లేరు. ఉంటే గుమ్మం దగ్గర నౌకరు, గేటు దగ్గర కాపలావాడు. వాడికి పేరు కూడా ఉండదు. దీని గురించి అప్పట్లో నాకు కోపం రాలేదు. లేని మనిషి కోసం పిల్లవాడు వెతకడు గదా.

ఇంకో దారి పాత పుస్తకాల బండి. సోవియట్ యూనియన్ 1991లో కూలిపోయింది గానీ దాని పుస్తకాలు మా ప్రాంతంలో ఇంకో పదిహేనేళ్ళు బతికే ఉన్నాయి. అంతకు ముందు విశాలాంధ్రవాళ్ళ పుస్తకాల వ్యాను చిన్న చిన్న ఊళ్ళకి కూడా తిరిగేదట. అప్పుడు కొన్నవాళ్ళు చనిపోతే పిల్లలు తూకానికి వేసేవాళ్ళు. అట్లా బండి మీదికొచ్చేవి. గట్టి అట్ట, మంచి కాగితం, బొమ్మలు, ఖరీదు అయిదు రూపాయలు. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్ళు మాస్కోలో కూర్చుని తెలుగు చేసిన రోజుల నాటి సరుకు. యాకవ్ పెరెల్మాన్ భౌతికశాస్త్రం పుస్తకం నాకు అక్కడే దొరికింది. మాకు సైన్సు మేష్టారు లేని ఏడాది అది. బళ్ళో ఫార్ములా బట్టీ కొట్టిస్తే ఈయన ఉడికిన గుడ్డునీ పచ్చిగుడ్డునీ గిరగిరా తిప్పి చూడమంటాడు. ఐత్‌మాతొవ్ రాసిన కిర్గిజ్ పల్లెటూరి బడిపంతులు కథ కూడా ఆ బండి మీదే. తనకే చదువు అంతంతమాత్రం అయిన కుర్రాడొకడు పాత గుర్రపుసాలలో బడి పెడతాడు. ఆ కథ చదివాక నేను మేష్టర్ని కావాలనుకున్నానని ఎవరైనా అడిగితే చెబుతుంటాను. అసలు కారణం డీఎస్సీ. కానీ కథ పని కథా చేసింది.

డిగ్రీ మొదటి ఏడాది హాస్టల్లో ఒక సీనియరన్న 'ఏడు తరాలు' చేతిలో పెట్టాడు. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'కి సహవాసి చేసిన సంక్షిప్త అనువాదం, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆఫ్రికాలో గాంబియా నది పక్కన పల్లెలో పుట్టిన కుంటా కింటేని పట్టుకుపోయి అమెరికాలో అమ్మేస్తారు. వాడి పేరు మారుస్తారు, వాడు ఆ పేరు ఒప్పుకోడు. ముసలమ్మలు అరుగు మీద కూర్చుని చెప్పుకున్న మాటలు పట్టుకొని ఏడో తరం మనవడు వెనక్కి నడుచుకుంటూ పోతాడు. ఆ పుస్తకం మీద తర్వాత తగాదాలొచ్చాయి. వేరే నవల్లోంచి కొన్ని భాగాలు తీసుకున్నాడన్న కేసులో హేలీ 1978లో రాజీపడ్డాడు. అతను చెప్పిన వంశక్రమం రికార్డుల్లో నిలబడదని కొందరు పరిశోధకులు చూపించారు. ఇవన్నీ నేను తర్వాత చదివాను, చదవాలి కూడా. కానీ ఆ రోజు నాకు కావల్సింది అది నిజమా కల్పనా అని తేల్చటం కాదు. సెలవులకి ఇంటికి పోయి నోటుపుస్తకం తీసి నాయనమ్మ దగ్గర కూర్చున్నాను. ఏడు తరాలు చెప్పమన్నాను.

మూడో తరం దగ్గర ఆగిపోయింది. మా నాయన, తాత, తాత నాయన. ఆ పైన పేర్లు లేవు. ఊరి రెడ్లకీ కమ్మోరికీ వంశవృక్షాలున్నాయి, కరణాలకి కవిలెకట్టలున్నాయి, మాకు మాత్రం మూడు పేర్లు. నాయనమ్మ చాలాసేపు గుర్తు తెచ్చుకొని ఒక్క ముక్క చెప్పింది: "పెద్ద కరువులో మనోళ్ళు కాలవ మట్టి మోశారంట రా. దొర కూలిచ్చాడంట." ఏ కరువు, ఏ కాలవ, ఏ దొర, ఆమెకి తెలీదు. నోటుపుస్తకంలో ఆ ఒక్క వాక్యం రాసుకున్నాను. రెండేళ్ళు అది అట్లాగే పడుంది.

2009లో చీరాలలో జులై 17 సభకి పోయాను. ఈ తేదీ గురించి ఈ పుస్తకం చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, కొత్తగా వచ్చే విద్యార్థుల కోసం చెబుతున్నాను. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర. బతికినవాళ్ళు చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కణ్ణించే దళిత మహాసభ పుట్టింది. ఆ సభాస్థలం బయట నేల మీద పట్టా పరిచి పుస్తకాలు పెట్టారు. జీవితంలో మొదటిసారి మావాళ్ళ పేర్లు అట్టల మీద చూశాను. ఒకటి కాదు, వరసగా. బొజ్జా తారకం, కొలకలూరి ఇనాక్, ఎండ్లూరి సుధాకర్, నాగప్పగారి సుందర్రాజు, చిలుకూరి దేవపుత్ర, గోగు శ్యామల, వేముల ఎల్లయ్య. 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' కవితా సంకలనం. 2003లో వచ్చిన దళిత స్త్రీల సాహిత్యం 'నల్లపొద్దు'. నా జేబులో ఉన్న డబ్బుకి ఒక్క పుస్తకం వచ్చింది. జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' కొన్నాను, 2000లో వచ్చిన నవల.

తిరుగు బస్సులోనే మొదలుపెట్టాను. అందులో కరువొస్తుంది. పల్లె ఖాళీ అయిపోతుంది. ఆకలితో జనం నడుచుకుంటూ పోయి ఒక కాలవ తవ్వకం దగ్గర చేరతారు. బకింగ్‌హామ్ కాలవ! నాయనమ్మ చెప్పిన వాక్యం అచ్చులో నా ఎదురుగా ఉంది. అప్పుడు నా ఒళ్ళు ఎట్లా జలదరించిందో రాయటం నాకు చేతకాదు.

నవల ఊరుకోనివ్వలేదు. అది నిజంగా జరిగిందా, ఎప్పుడు, ఎక్కడ అని వెతకటం మొదలుపెట్టాను. 1876-78లో వచ్చిన ధాత కరువు అది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉండేవాడు. పాదిరీ కాకముందు అమెరికాలో సర్వేయరుగా పనిచేసినవాడు. బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకొని కరువు జనానికి పని పెట్టాడు. కరువు సాయం కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఎక్కువమంది మాదిగలు. క్లౌ తన జీవితకథని ఇంగ్లీషులో చెప్పాడు. 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' అని 1914లో అచ్చయింది. ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అంతకు ముందే, 1899లో, 'వైల్ సూయింగ్ శాండల్స్' అని ఇంకో పుస్తకం రాసింది. చెప్పులు కుడుతూ అని అర్థం. మాదిగల కథలు, మాతంగి సంగతులు, యెర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్ళ జీవితాలు అందులో ఉన్నాయి. రెండూ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నిఘంటువు పక్కన పెట్టుకొని ఒక్కోటి నెలల తరబడి చదివాను.

ఇక్కడొక మాట చెప్పాలి. ఆ ఇంగ్లీషు పుస్తకాల్లో మైళ్ళున్నాయి, తేదీలున్నాయి, తలల లెక్క ఉంది. కానీ అవి మమ్మల్ని ఉద్ధరించాల్సిన జనంగానే చూస్తాయి. మట్టి తట్ట ఎత్తుకున్న ఆడమనిషి ఏం పాడుకుందో, రాత్రి ఎక్కడ పడుకుందో వాటికి పట్టదు. అది నవలలో ఉంది. నవలలో లేని మైలురాళ్ళు అక్కడ ఉన్నాయి. ఈ రెండూ చదవకపోతే నాయనమ్మ వాక్యం నాకు సగమే అర్థమయ్యేది. కథలు కాలక్షేపం, చరిత్రే అసలు చదువు అనేవాళ్ళు, చరిత్రంతా పాలకుల గోల, సాహిత్యమే నిజం అనేవాళ్ళు ఉంటారు. ఈ రెండు రకాల మిత్రులకీ నేను ఆ కాలవనే చూపిస్తాను.

1914 అని చెప్పాను గదా. మా తాతలు తవ్విన కాలవ కథ అచ్చయిన ఏడే బెజవాడలో గ్రంథాలయ సభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షుడు. అయ్యంకి వెంకటరమణయ్య ప్రాణం పెట్టి తిరిగాడు. వాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. చిలకమర్తి రాజమండ్రిలో పంచముల పిల్లలకు బడి కూడా నడిపాడు. మూడేళ్ళ తర్వాత, 1917లో, అదే బెజవాడలో ఇంకో సభ జరిగింది. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డివర్మ వచ్చి అధ్యక్షత వహించాడు. పంచములనే పేరు తీసి పారేసి ఆది ఆంధ్రులమని చెప్పుకున్న సభ అది. మొదటి సభ చరిత్ర ప్రతి గ్రంథాలయ వారోత్సవంలో చెబుతారు. రెండో సభ సంగతి నేను డిగ్రీ పూర్తయ్యేదాకా వినలేదు. ఒకే ఊరు, మూడేళ్ళ తేడా.

1935లో గుంటూరు జిల్లా పెదపాలెం నుంచి పాతూరి నాగభూషణం కాలవ మీద పడవ గ్రంథాలయం నడిపాడు. పుస్తకాలు పడవకెత్తి ఊరూరి రేవులో ఆపి ఇచ్చేవాళ్ళు. చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. ఆ పడవ నడిచిన కాలవ, మావాళ్ళు తవ్విన కాలవ ఒకటి కాదు. కానీ డెల్టా కాలవలు ఒకదానికొకటి గొలుసు. కొమ్మమూరు కాలవ పోయి పోయి పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలవలో కలుస్తుంది. కాలవలు తవ్వింది ఎవరో, వాటి గట్టున పడవ కోసం నిలబడి పుస్తకం అందుకుంది ఎవరో ఒక్క క్షణం ఆలోచించండి. నీళ్ళు ముంచుకోటానికే వేరే రేవు చూపించిన ఊళ్ళలో పుస్తకం ఏ రేవున ఆగుంటుంది?

చీరాలకి ఒక పక్క వేటపాలెం, ఇంకో పక్క కారంచేడు. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఉంది. 1929లో గాంధీ దాని భవనానికి శంకుస్థాపన చేశాడు. అక్కడి పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారు. అది మా ప్రాంతానికి గర్వకారణమే. ఆ గ్రంథాలయం పుట్టి అరవై ఏడేళ్ళు నిండే ఏట కారంచేడు జరిగింది. గ్రంథాలయాలున్న చోట మనుషులు మంచివాళ్ళవుతారని ఉపన్యాసాల్లో చెబుతుంటారు. మా జిల్లా పటం దాన్ని రుజువు చెయ్యదు. మరి పుస్తకాలెందుకని అడుగుతారా? కారంచేడు తర్వాత మావాళ్ళు మొదట చేసిన పనుల్లో ఒకటి పుస్తకం వెయ్యటమే. చిన్న చిన్న కరపత్రాలు, పాటల పుస్తకాలు, 'నలుపు' పత్రిక. అవి గ్రంథాలయం బీరువాల్లోకి రాలేదు. సభల బయట పట్టాల మీద, చేతిసంచుల్లో, హాస్టలు దిండ్ల కింద తిరిగాయి.

అట్లాగని మా రాత కారంచేడుతోనే మొదలైందనుకోవద్దు. 1921లో, తెల్లదొరతనం వద్దని దేశమంతా పాడుతున్నప్పుడు, కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' రాశాడు. భాగ్యరెడ్డివర్మ 'వెట్టి మాదిగ' 1931లో ఆయన సొంత పత్రికలో వచ్చింది. వినుకొండలో పుట్టిన జాషువా 'గబ్బిలం' 1941 నాటిది. తాడి నాగమ్మ అనే దళిత స్త్రీ స్వాతంత్ర్యం రాకముందే కథలు రాసింది. ఆ సంగతి నాకు 'నల్లపొద్దు' చెబితేగానీ తెలీదు. జాషువా ఒక్కడే పాఠ్యపుస్తకంలోకి వచ్చాడు. మిగిలినవాళ్ళు ఉన్నారు, అచ్చయ్యారు, మళ్ళీ కనిపించకుండా పోయారు. కాబట్టి మనకి పుస్తకాలు లేవనే మాట సరికాదు. రాసినవి దాచిపెట్టే బీరువా మన చేతిలో లేదు.

ఇప్పుడు మనలో మనం మాట్లాడుకోవాల్సిన సంగతి. ఉద్యమంలో ఉన్న తమ్ముళ్ళు కొందరు నా దగ్గరికొచ్చి, అంబేద్కర్ని చదివితే చాలన్నా, ఈ నవలలూ డిటెక్టివులూ మనకెందుకు అంటారు. వాళ్ళ తొందర నాకు అర్థమవుతుంది. మీటింగులకే టైము చాలదు. కానీ అంబేద్కర్ ఎట్లా చదివాడో చూడండి. 1907లో మెట్రిక్ ప్యాసయినప్పుడు కేలూస్కర్ అనే మేష్టారు తను మరాఠీలో రాసిన బుద్ధుడి జీవితచరిత్ర కానుకగా ఇచ్చాడు. పార్కులో ఒంటరిగా కూర్చుని చదువుకునే కుర్రాణ్ణి రోజూ గమనించిన మేష్టారు ఆయన. ఆ పుస్తకం పని పూర్తి కావటానికి నలభై తొమ్మిదేళ్ళు పట్టింది, 1956 నాగపూర్ దాకా. అమెరికా, లండన్లలో ఆయన కొన్న పుస్తకాల్లో చాలా భాగం 1917లో ఓడతో పాటు సముద్రంలో మునిగిపోయాయి. జలాంతర్గామి టార్పెడో కొట్టింది. ఆయన మళ్ళీ కొనటం మొదలుపెట్టాడు. బొంబాయిలో రాజగృహ కట్టుకున్నది పుస్తకాలకి చోటు చాలకే. 'కుల నిర్మూలన' 1936లో లాహోరు సభలో చదవటానికి రాసిన ఉపన్యాసం. సభ పెట్టినవాళ్ళు వెనక్కి పోతే సొంత ఖర్చుతో వేశాడు. 1,500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి. అందులో ఐర్లండు ఉంది, రోము ఉంది, అమెరికాలో ఆయనకి పాఠం చెప్పిన జాన్ డ్యూయీ ఉన్నాడు. అవన్నీ చదవకుండా ఆ పుస్తకం పుట్టేదా? ఫూలే కుర్రతనంలో థామస్ పెయిన్ని చదివాడు. 1873లో 'గులాంగిరి' వేసి, నీగ్రో బానిసలని విడిపించిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. మన పెద్దలు ఎవరి వాకిట్లో పుస్తకం కనిపించినా లోపలికి పోయి చదివొచ్చినవాళ్ళు. మనం మాత్రం ఒక అరలోనే కూర్చోవాలా?

పైగా మనకి పనికొచ్చే పుస్తకం మనల్ని గురించే ఉండాలని లేదు. 'వైద్యుడు లేని చోట' అని ఒక పుస్తకముంది. డేవిడ్ వెర్నర్ మెక్సికో కొండల్లోని పల్లెల కోసం మొదట స్పానిషులో రాసింది, బుక్ ట్రస్టు తెలుగులో తెచ్చింది. మా పల్లెలో దాన్ని వాడినంతగా ఇంకే పుస్తకాన్నీ వాడలేదు. పిల్లలకి విరేచనాలయితే ఉప్పు, పంచదార, నీళ్ళు ఎంతెంత కలపాలో అందులో బొమ్మ వేసి చూపించాడు. నా ప్రతి అట్టకి పసుపు మరకలున్నాయి. డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' చూడండి. ఒక ముసలాయన తప్పిపోయిన పందికోసం రాత్రంతా అడవిలో తిరుగుతాడు, కథ అంతే. పందుల్ని కాసేవాడి చేతిలో ఉన్న విద్యని అంత మర్యాదగా చూపించిన నవల నేను ఇంకోటి చదవలేదు. నామిని కథలు చదివాకే మా అమ్మ మాట్లాడే మాట కూడా అచ్చులో నిలబడుతుందని నాకు ధైర్యం వచ్చింది. ఇందులో ఎవరు మనవాళ్ళు, ఎవరు కారు అనే లెక్క అవసరమే, అది తీయొద్దనటం లేదు. పుస్తకం తెరిచాక తీద్దాం, తెరవకముందే వద్దు.

ఇక బీరువా సంగతి. ఇంటిపన్ను రశీదు ఎప్పుడైనా పూర్తిగా చదివారా? అందులో గ్రంథాలయ పన్ను అని ఒక గడి ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు. పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి కట్టాలి. మా పల్లెలో రేకుల ఇళ్ళవాళ్ళు కూడా కడుతున్నారు. నేను రశీదులు తెప్పించుకొని చూశాను. అంటే మా నాయన జీవితంలో ఒక్క గ్రంథాలయం గుమ్మం తొక్కలేదు, కానీ దాని చందాదారుడిగానే చనిపోయాడు. ఈ సంగతి పల్లెలో చెబితే జనం ముందు నవ్వారు, తర్వాత కోపగించుకున్నారు. ఆ కోపంతోనే పదిమంది కుర్రాళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు నాతో కలిసి మా మండలంలోని శాఖా గ్రంథాలయానికి వచ్చారు. పేపర్లు, పోటీ పరీక్షల పుస్తకాలు, భక్తి పుస్తకాలు నిండా ఉన్నాయి. నేను ఈ వ్యాసంలో చెప్పినవాటిలో గబ్బిలం ఒక్కటి కనిపించింది. సలహాల పుస్తకం అడిగితే అక్కడి ఉద్యోగి చాలాసేపు వెతికి తెచ్చాడు, దాన్నెవరూ అడిగినట్టు లేదు. అందులో పద్నాలుగు పేర్లు రాశాం. నవలలు, కథలు, సైన్సు, ఆరోగ్యం, కుల నిర్మూలన, పిల్లల బొమ్మల పుస్తకాలు. కింద అందరం సంతకాలు చేశాం, ఇంటిపన్ను రశీదు నంబర్లు కూడా వేశాం. ఏడాది తర్వాత నాలుగు పుస్తకాలు వచ్చాయి. ఆరునెలలకోసారి పోయి మిగతా పది మళ్ళీ రాస్తున్నాం. విద్యార్థి సంఘాలవాళ్ళు ఇది చదివితే, మీ మండలంలో ఆ సలహాల పుస్తకం ఎక్కడుందో ఒకసారి అడగండి. ధర్నా కంటే చిన్న పనే, కానీ ఎవరూ చెయ్యటం లేదు.

2016లో ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నా తరగతిలో పుస్తకాలు పెట్టెలో ఉండవు. గోడకి ఈ చివర్నించి ఆ చివరికి తాడు కట్టి వేలాడదీశాను. ఎవరు ఏది తీసుకున్నారో పిల్లలే రాసుకుంటారు. మొదటి మూడేళ్ళలో పదకొండు పుస్తకాలు పోయాయి, వాటి డబ్బు నేనే కట్టాను. ఒకటి ఏడాది తర్వాత తిరిగొచ్చింది, సిమెంటు బస్తా కాగితంతో అట్ట వేయించుకొని. ఎవరు పెట్టారో చెప్పలేదు, నేనూ అడగలేదు.

పోయినేడు ఎనిమిదో తరగతిలో మా పల్లె నుంచే వచ్చే పిల్ల ఒకతి 'వైద్యుడు లేని చోట' తీసుకుపోయి నెలదాకా ఇవ్వలేదు. ఇంట్లో వాళ్ళమ్మకి రాత్రిళ్ళు కొంచెం కొంచెం చదివి వినిపిస్తోందట. అదయ్యాక 'ఏడు తరాలు' తీసుకుంది. కుంటా కింటే పారిపోయిన చోటల్లా పేజీ మడతపెట్టింది. పుస్తకాలు మడతపెట్టొద్దని చెబుదామనుకొని ఊరుకున్నాను. ఇప్పుడు షాడో నవలలు కావాలంటోంది, ఎవరో చెప్పారట. అద్దె కొట్టు ఎప్పుడో మూసేశారు. పాత పుస్తకాల బండ్ల మీద వెతుకుతున్నాను. రెండు దొరికాయి, ఒకదానికి ఆఖరి పేజీలు లేవు.